ఎడమ మగ్గం స్ప్రింగు

1983 ఎండాకాలం. తిరుత్తణి బస్టాండు వెనక సందులో నాకొక లేత్, ఒక వైస్, తీగ చుట్టడానికి చేతితో తిప్పే యంత్రం ఉండేవి. స్ప్రింగులు చేసేవాణ్ణి. శాంపిల్ ఒకటి చేతిలో పెడితే చాలు, అచ్చం అలాంటివే వంద చేసిస్తానని నాకు మహా గొప్ప. ఆ గొప్పే ఒక ఇంటి కోడలి పరువు మీదికి తెచ్చింది.

పొదటూరుపేట నేతవాళ్ళ ఇంటి కోడలు నాగరత్నం మూడోసారి వచ్చి, కొంగుముడి విప్పి, విరిగిన టార్షన్ స్ప్రింగు ముక్కలు బల్ల మీద పోసింది. టార్షన్ స్ప్రింగ్ సాగేదీ కాదు, నొక్కుకునేదీ కాదు, మెలితిరిగేది. బట్టలకు పెట్టే క్లిప్పులో ఉంటుందే, అదే. మధ్యలో చుట్టలు, రెండు చివర్లా రెండు కాళ్ళు. ఒక కాలు కదలకుండా పట్టి రెండోదాన్ని తిప్పితే, వెనక్కి రావాలని తన్నుతుంది. పవర్‌లూమ్‌లో అడ్డపోగును మోస్తూ అటూ ఇటూ దూసుకెళ్ళేది నాడె. అది వచ్చి ఆగే నాడెపెట్టెలోని రెక్కను ఈ స్ప్రింగే నొక్కిపట్టి, నాడెను ఆపుతుంది. ఇది విరిగితే నాడె వెనక్కి ఎగిరి, నిలువు పోగుల పడుగు మధ్యలో ఇరుక్కుని, వందల పోగులు తెంపేస్తుంది.

“మళ్ళీ ఇరిగిందన్నా. ఈ తూరి పది దినాలు గూడా నిలవలేదు.”

“ఆయిలు ఏస్తా ఉండావా, లేకుంటే నీ ఇష్టానికి తోల్తా ఉండావా?” అని కసిరాను. మొదటిది విరగ్గానే లావు తీగతో చేసిచ్చాను. అది ఇంకా తొందరగా పోయింది. నా పనికే వంక వస్తోందని ఒళ్ళు మండింది.

“రెండు మగ్గాలకీ ఒకే ఆయిలన్నా. కుడిదానికి ఏమీ కాలేదు. నేను కాపరానికొచ్చిన నెల్లోనే ఎడమది కొన్నారు. రాశి లేని మగ్గం, రాశి లేని కోడలు, రెండు దరిద్రాలూ కలిసే వచ్చినాయంటాది మా అత్త. శుక్రవారం దాన్ని అమ్మేస్తారంట. మగ్గం పోతే పోనీ, ఆ పేరు నాకు నిలిచిపోతాదే!” అని కళ్ళు తుడుచుకుంది.

నాకు సిగ్గేసింది. అదే శాంపిల్‌తో చేసిన కొత్త స్ప్రింగు ఒకటి ఆమె చేతిలో పెట్టి, షాపు మూసి ఆమెతోపాటే బస్సెక్కాను.

వాళ్ళ ఇంట్లో రెండు మగ్గాలూ పక్కపక్కనే ఉన్నాయి. ఒక్క మనిషే నడుమ నిలబడి రెంటినీ నడపాలని, వాటిని రైట్ హ్యాండ్, లెఫ్ట్ హ్యాండ్ జతగా చేస్తారు. ఒకదాన్ని అద్దంలో చూస్తే రెండోది. ఇది నాకు తెలియని సంగతి కాదు. స్ప్రింగు ఏ మగ్గానికని మాత్రం ఏనాడూ అడగలేదు.

“నువ్వు తెచ్చిన శాంపిల్ యాడిది?”

“కుడిదాందేన్నా. కొన్నప్పుడే ఎడమదాంట్లో స్ప్రింగు లేదు. నువ్వు జేసింది సరిగా కూచోకుంటే మా మామ ప్లయరుతో కాలు వంచినాడు.”

కుడి మగ్గం రెక్కను వేలితో నొక్కాను. స్ప్రింగు చుట్టలు బిగుసుకున్నాయి. నాగరత్నం చేతిలోని కొత్త స్ప్రింగును ఎడమ మగ్గానికి పెట్టి నొక్కాను. చుట్టలు విచ్చుకున్నాయి. చుట్టిన దారిలోనే ఇంకా బిగిస్తే టార్షన్ స్ప్రింగ్ ఏళ్ళ తరబడి ఓర్చుకుంటుంది. విప్పే దారిలో నెడితే లోపలివైపు చీలిక పుట్టి విరుగుతుంది. లావు తీగను అంతే దూరం తిప్పితే దాని మీద పడే బరువు ఇంకా ఎక్కువ. రోగం తెలుసుకోకుండా నేను మందు పెంచాను.

అత్త ఓ పక్కన కూర్చుని తెగిన పోగులు ముడేస్తోంది.

“అమ్మా, మగ్గానికీ రాశి ఉండాది, నీ కోడలికీ ఉండాది. తప్పు నాది. తిరగేసి చుట్టాల్సింది, చుట్టలేదు.”

“పిల్ల మింద జాలితో సుమ్మా, ఊరికే చెప్తా ఉండావా?”

ఆమెను లేపి, రెండు రెక్కలూ ఆమె వేలితోనే నొక్కించాను. అటు బిగుసుకోవడం, ఇటు విచ్చుకోవడం ఆమె చాలాసేపు చూసింది.

“అయితే మూడు నెల్లుగా నేను ఈ పిల్లను తిట్టిందంతా?”

“నన్ను తిట్టమ్మా.”

తిట్టింది. బస్సు వేళయ్యేదాకా తిట్టింది. అన్నీ వినాల్సినవే. నాగరత్నం అటు తిరిగి నవ్వుకుంటోంది.

మర్నాడు ఎడమచేతి వాటంగా చుట్టిన స్ప్రింగులు నేనే తీసుకెళ్ళి బిగించాను. శుక్రవారం వచ్చిన బేరగాడు ఉత్త చేతులతో వెళ్ళాడు. ఆనాటి నుంచి ఎవరు శాంపిల్ తెచ్చినా ముందు ఒకటే అడుగుతాను, ఇది ఎక్కడ కూర్చుంటుంది, ఏ పక్కకు తిరుగుతుంది అని.

రెండేళ్ళ తర్వాత ఆ అత్తే నా షాపుకొచ్చింది. మూడో మగ్గం కొన్నారట, స్ప్రింగులు కావాలట.

“లెఫ్టా, రైటా అమ్మా?”

“నన్నేమి అడుగుతావు? మా నాగరత్నాన్ని అడిగి చెయ్యి. అది చెప్పినాకే కొన్నాము,” అంది.