రిపోర్టు నార్మల్, నాలుక మీద పుండు

ఆ రోజు నేను చెప్పాల్సింది చాలా చిన్న డైలాగు. "వాళ్ళు తాళం వేసుకుని వెళ్ళిపోయారు." ఒక సీరియల్లో అత్తగారి పాత్రకు నేను గొంతు ఇస్తున్నాను. ఫిల్మ్‌నగర్‌లోని ఆ డబ్బింగ్ థియేటర్‌లో ఇరవై ఏళ్ళుగా ఇలాంటి మాటలు ఎన్ని చెప్పానో లెక్కలేదు. ఆ ఒక్క మాట మాత్రం ఎంతకీ ఓకే కాలేదు. అద్దం అవతలి నుంచి సౌండ్ ఇంజనీర్ యాదగిరి అన్నాడు, "అక్కా, 'ళ' కాడ ఏందో గాలి పోతున్నట్టు వినొస్తున్నది. జర నీళ్ళు తాగి మళ్ళొకసారి చెప్పు."

నీళ్ళు తాగాను. నాలుక కుడి అంచున చురుక్కుమంది. ఇంటికి వచ్చి అద్దంలో చూసుకుంటే, వెనక దంతాల పక్కన పెసర గింజంత పుండు. చుట్టూ కొంచెం తెల్లగా ఉంది. వేడి చేసిందనుకున్నాను. మజ్జిగ తాగాను, పచ్చళ్ళు మానేశాను.

అది మానలేదు. యూసుఫ్‌గూడలో డెంటిస్టు దగ్గరకు వెళితే, పన్ను పదునుగా ఉండి గీసుకుపోతోందని ఆ పన్నును అరగదీశారు. పూసుకోవడానికి జెల్, బి కాంప్లెక్స్ మాత్రలు ఇచ్చారు. కొన్నాళ్ళు తగ్గినట్టే ఉండి మళ్ళీ మొదలైంది. ఈసారి అన్నం నములుతుంటే కుడి చెవిలో పోటు. నోట్లో పుండుకీ చెవిలో నొప్పికీ సంబంధం ఉంటుందని నాకేం తెలుసు? చెవికి చుక్కలు వేసుకుంటూ కూర్చున్నాను.

చివరికి నా భర్త నర్సింహ నన్ను జూబ్లీహిల్స్‌లో ఒక క్లినిక్‌కు తీసుకెళ్ళారు. ఆయనది నల్గొండ, నాది తెనాలి. పెళ్ళయినప్పటి నుంచీ వెంగళరావు నగర్‌లోనే ఉంటున్నాం. డాక్టరుగారు ఫోన్ లైటు వేసి నోట్లోకి ఒక్క క్షణం చూశారు.

"పాన్, గుట్కా, సిగరెట్ ఏమైనా ఉన్నాయా?"

"లేవండీ."

"అయితే మీకు క్యాన్సర్ భయం అక్కర్లేదు. మీ మనశ్శాంతికి ట్యూమర్ మార్కర్స్ రాస్తాను. క్యాన్సర్ గుర్తులు చూసే బ్లడ్ టెస్టే, సింపుల్."

రిపోర్టు ఫోన్లోకి వచ్చింది. సీఈఏ, ఎస్‌సీసీ యాంటిజెన్, ఇంకా ఏవేవో పేర్లు. అన్నిటి పక్కనా ఆకుపచ్చ గీతే. "అన్నీ వితిన్ లిమిట్స్. క్యాన్సర్ లేదు. స్ట్రెస్ తగ్గించుకోండి," అన్నారు డాక్టరుగారు. బయటికి వచ్చాక నా భర్త మొహం తేటపడింది. "ఇగ ఫికర్ చెయ్యకు మాధవీ. రక్తంలనే లేదంటే ఇంకేడ ఉంటది?" అన్నారు.

నేనూ అలాగే అనుకున్నాను. ఒళ్ళంతా తిరిగేది రక్తమే కదా, ఎక్కడేం జరిగినా దానికి తెలియకుండా ఉంటుందా అనుకున్నాను. చదువుకున్నవాళ్ళూ చదువుకోనివాళ్ళూ అందరం నమ్మేది అదే. ఇప్పుడు తలుచుకుంటే నాకు ఒళ్ళు మండేది కూడా దానికే.

ఎండలు పోయి వానలు వచ్చాయి. పుండు పెద్దదైంది, అంచులు గట్టిపడ్డాయి. కారం సంగతి అలా ఉంచండి, చారన్నం కూడా ఎడమ పక్కకు నెట్టుకుని మింగేదాన్ని. మళ్ళీ అదే క్లినిక్‌కు వెళ్ళాను. ఆయన ఈసారి నా నోరు కూడా చూడలేదు. కంప్యూటర్‌లో పాత రిపోర్టు తెరిచి, తెర నా వైపు తిప్పారు. "చూడండమ్మా, క్లియర్‌గా ఉంది. మీరే ఎక్కువ ఆలోచిస్తున్నారు."

నొప్పి నా నోట్లో ఉంది, ఆయన చూస్తున్నది తెరని. ఆ మాట పైకి అనలేకపోయాను. వాదిస్తే మనకేదో పిచ్చి అనుకుంటారని ఒక జంకు. థియేటర్‌లో నాకు పనులు తగ్గాయి. యాదగిరి మొహమాటపడుతూ, "అక్కా, నువ్వు మంచిగయినంక చేద్దాం," అన్నాడు.

ఒకరోజు తల దువ్వుకుంటుంటే దవడ కింద చేతికి ఏదో తగిలింది. గోలీకాయంత గడ్డ. నొక్కితే నొప్పి లేదు. దాన్ని చూశాక నా భర్త ఇంకెవరినీ అడగలేదు, ఆటో పిలిచి నేరుగా క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

అక్కడి సర్జన్ నా ఈడు ఆవిడే. గ్లవ్ వేసుకుని నాలుకను గుడ్డతో పట్టి బయటికి లాగి, వేలితో పుండు చుట్టూ, కిందా తడిమి చూశారు. తర్వాత మెడ. అంతా కలిపి రెండు నిమిషాలు పట్టిందేమో. ఇన్ని నెలల్లో ఆ పుండును వేలు పెట్టి తడిమి చూసిన మొదటి డాక్టరు ఆమే.

"ఎన్నాళ్ళ నుంచి ఉందమ్మా?"

నేను చెప్పేలోపే నా భర్త ఫోన్ ముందుకు చాపారు. "మేడం, రక్తంల ఏం లేదన్నరు. అన్నీ నార్మలే."

ఆమె చూసి, ఫోన్ బల్ల మీద పెట్టారు. "ఇవి నార్మల్‌గా ఉన్నా నోటి క్యాన్సర్ ఉండొచ్చండి. చాలామందిలో అలాగే ఉంటాయి."

"మరి గీ టెస్టులు ఎందుకున్నయ్?"

"కొన్ని క్యాన్సర్లలో మందు ఎలా పనిచేస్తోందో చూడటానికి పనికొస్తాయి. వైరస్ వల్ల గొంతులో, ముక్కు వెనక వచ్చే కొన్ని రకాలకు రక్తంలో ఆ వైరస్ డీఎన్‌ఏ వెతికే టెస్టులున్నాయి, అవి వేరే. నాలుక మీద పుండు క్యాన్సరా కాదా అని తేల్చే బ్లడ్ టెస్టు ఇవాళ్టికి మా దగ్గర లేదు. రీసెర్చ్ జరుగుతోంది. ఇప్పుడైతే బయాప్సీ చెయ్యాలి. చిన్న ముక్క తీసి చూడాలి."

బయాప్సీలో స్క్వేమస్ సెల్ కార్సినోమా అని వచ్చింది, అంటే క్యాన్సరే. ఎమ్మారైలో మెడలో ఒక నోడ్, నా చేతికి తగిలిన ఆ గడ్డే, అనుమానంగా ఉందన్నారు. నేను ఒక్కటే అడిగాను, "ముందే వచ్చి ఉంటే మెడదాకా వచ్చేది కాదా?" ఆమె, "కచ్చితంగా చెప్పలేనమ్మా. రాకపోయి ఉండొచ్చు," అన్నారు. అబద్ధం చెప్పి ఓదార్చనందుకు ఆమె మీద నాకు గౌరవం కలిగింది. కానీ ఆ "ఉండొచ్చు" నన్ను ఈ రోజుకీ కుదురుగా ఉండనివ్వదు.

ఆపరేషన్‌కు ముందు నా భర్త నన్ను వెంటబెట్టుకుని ఆ జూబ్లీహిల్స్ క్లినిక్‌కు వెళ్ళారు. గొడవ పెట్టుకుంటారేమోనని భయపడ్డాను. ఆయన బయాప్సీ రిపోర్టు బల్ల మీద పెట్టి నెమ్మదిగా అడిగారు, "నోట్ల వేలు పెట్టి చూస్తే ఏం పోయేది సార్?"

డాక్టరుగారు రిపోర్టు చదివారు. "రిపోర్టులో ఏమీ లేదు కాబట్టి లేదన్నాను. నా తప్పేముంది?" అన్నారు. ఆ మాటతో నా భర్త లేచి నిలబడ్డారు. ఇద్దరం బయటికి వచ్చేశాం.

నాలుకలో కుడి వైపు చాలా భాగం తీసేసి, చేతి నుంచి చర్మం, దాని కింది పొర తెచ్చి ఆ చోట అతికించారు. మెడలో నోడ్స్ తీశారు. ఒకదానిలో క్యాన్సర్ ఉందని తేలడంతో రేడియేషన్ కూడా తప్పలేదు. ఆపరేషన్ కన్నా అదే నన్ను ఎక్కువ నలగ్గొట్టింది. నోరంతా పుళ్ళు. లాలాజలం జిగురులా మారి తర్వాత ఎండిపోయింది. పెరుగన్నం ఇసుక నమిలినట్టుండేది. బరువు బాగా తగ్గాక ముక్కులోంచి ట్యూబ్ వేశారు. నా భర్త రాగిజావ వడకట్టి సిరంజితో పోసేవారు. దవడ బిగుసుకుపోకుండా ఆసుపత్రిలో ఐస్‌క్రీమ్ పుల్లలు ఒక్కొక్కటీ పెంచుతూ పళ్ళ మధ్య పెట్టుకుని కూర్చోమనేవారు. కళ్ళల్లో నీళ్ళు వచ్చేవి. స్పీచ్ థెరపిస్టు రోజూ అక్షరాలు పలికించేది. ఎంతోమందికి గొంతు ఇచ్చినదాన్ని, ఇంటికొచ్చిన పాలవాడితో చేతి సైగలతో మాట్లాడేదాన్ని.

కోలుకుంటున్నాను అనుకునేసరికి ఇంకొకటి వచ్చి పడింది. నా భర్త ఆఫీసులో కుటుంబాలకు ఏటా హెల్త్ చెకప్ చేయిస్తారు. ఆ ప్యాకేజీలో ట్యూమర్ మార్కర్స్ కూడా ఉన్నాయని రక్తం తీసుకునేటప్పుడు మాకు తెలియదు. ఈసారి ఎస్‌సీసీ యాంటిజెన్ పక్కన ఎర్ర గుర్తు. లిమిట్ దాటిందని రాసి ఉంది.

మళ్ళీ వచ్చిందనే అనుకున్నాం. సర్జన్ నోరు, మెడ అంతా తడిమి చూశారు, గొంతులోకి కెమెరా గొట్టం వేసి చూశారు, స్కాన్ చేయించారు. ఎక్కడా ఏమీ లేదు. అప్పుడామె నా మోచేతుల మీద పొలుసులు చూసి, "ఇదేంటమ్మా?" అని అడిగారు.

"సోరియాసిస్ అండీ. పాతదే, ట్రీట్‌మెంట్ అయ్యాక మళ్ళీ ఎక్కువైంది."

"చర్మం ఇలా ఉన్నా ఆ నంబర్ పెరుగుతుంది. అందుకే ఒక్క నంబర్ చూసి నేను ఏ నిర్ణయానికీ రాను. మిమ్మల్ని చూస్తాను."

సంతోషించాలి కదా. నాకు కోపంతో ఏడుపొచ్చింది. ఆ టెస్టు జబ్బు ఉన్నప్పుడు లేదని చెప్పింది, లేనప్పుడు ఉందని చెప్పింది. రెండుసార్లూ మేము దాన్నే నమ్మి, దాని చుట్టూనే తిరిగాం. టెస్టును ఏమీ అనను, దానికి నోరు లేదు. అది దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో చెప్పాల్సిన మనుషులు చెప్పకుండా ప్యాకేజీలో కలిపేసి ఇంటికి పంపుతున్నారు. ఆ విసుగు నాకింకా పోలేదు.

ఇప్పుడు బాగానే ఉన్నాను. చెకప్‌లకు తప్పకుండా వెళ్తున్నాను. డబ్బింగ్ చెప్పడం మానేశాను, నా మాట మునుపటిలా లేదు. కొత్త హీరోయిన్లకు తెలుగు డైలాగులు ఎలా పలకాలో నేర్పుతున్నాను. అన్నంతో పాటు నీళ్ళ గ్లాసు పక్కన ఉండాల్సిందే. ఆవకాయ వాసన చూసి తృప్తిపడుతున్నాను.

మొన్న మా పై ఫ్లాట్‌లో ఉండే సరోజగారు వచ్చారు. వాళ్ళాయనకు బుగ్గ లోపల తెల్లటి మచ్చ వచ్చి ఎన్నాళ్ళైనా పోవడం లేదట.

"భయపడి బ్లడ్ టెస్ట్ చేయించాం మాధవిగారూ. క్యాన్సర్ మార్కర్స్ అన్నీ నార్మలే. హమ్మయ్య అనుకున్నాం," అన్నారు.

"ఆ మచ్చని ఎవరైనా వేలు పెట్టి చూశారా?"

లేదన్నారు. మర్నాడు ఆయన్నీ వెంటబెట్టుకుని ముగ్గురం నా సర్జన్ దగ్గరకు వెళ్ళాం. బయాప్సీ తీశారు. ఇంకా క్యాన్సర్‌గా మారలేదు గానీ, వదిలేస్తే మారే దారిలోనే ఉందన్నారు. ఆ భాగం తీసేశారు. ఆయన జర్దా పొగాకు నమలడం మానాలి, వరసగా చూపించుకుంటూ ఉండాలి.

ఇది చదువుతున్నవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. నోట్లో పుండు గానీ మచ్చ గానీ మూడు వారాలు దాటినా పోకపోతే, మీకు పొగాకు అలవాటు ఉన్నా లేకపోయినా, ఈఎన్‌టీ డాక్టరుకో నోటి క్యాన్సర్లు చూసే సర్జన్‌కో చూపించండి. "రక్తం బాగుంది" అంటే సరేనని వచ్చేయకండి. "దీనికి బయాప్సీ కావాలా? వద్దంటే ఎందుకు వద్దు?" అని అడగండి. జవాబు వచ్చేదాకా ఆ కుర్చీలోంచి లేవకండి.