కదలని కారులో వరిపొట్టు

“పారబొయ్యి! ఎవరు జూసిండ్రు?” అన్నది అమ్మ.

“గింత మన్ను జూసి జూడనట్టు ఎట్లుండాలె? దొరసానికి జెప్త,” అన్నాడు నాయిన.

“జెప్పు! దొంగతనంగ కారు నువ్వే తిప్పినవంటది. కొలువు పోయి ఈ గది ఖాళీ జేయమంటె, పిల్లల్ని నీ నెత్తిమీద పండవెడ్తవా?”

“దాస్తె ఇంకింత అనుమానం. జర నోర్ముయ్యే.”

మొన్న మా మనవడు కారు ఫిల్టరు మార్పించి పాతది చెత్తలో పడేస్తే నా ప్రాణం ఉసూరుమంది. నా చిన్నప్పుడు ఫిల్టరంటే కడుక్కునేది. ఇంజను పీల్చే గాలి తీగల జల్లెడలోంచి పోయేది, దుమ్ము కింద గిన్నెలోని నూనెలో దిగేది. నాయిన జల్లెడను కిరసనాయిల్లో జాడించి కొత్త నూనె పోస్తే, పాత నూనెను అమ్మ తలుపు బందులకు రాసేది, చుక్క ఒలకనిచ్చేది కాదు.

నాయిన మెదక్‌లో ఒక దొర కారు నడిపేవాడు. కారు కొట్టం పక్క గదిలో మా కాపురం. దొర వానాకాలంలో చనిపోయాడు. అప్పటినుంచి కారు గడప దాటలేదు, తాళంచెవి దొరసాని కొంగుముడిలోనే ఉండేది. అయినా దొర పెట్టిన రివాజు తప్పనీయక, ఆమె నెలకోసారి ఉన్నచోటే ఇంజను ఆడించి ఫిల్టరు కడిగించేది. నూనె ఎప్పుడూ తేటగానే ఉండేది.

కోతలొచ్చాయి. ఉడికే అనపకాయల వాసన, అరుగు మీద ఆరబోసిన కొత్త వడ్లు, పొద్దెక్కినా వదలని చలి. మేము గచ్చకాయలాడుతుంటే నాయిన ఫిల్టరు మూత విప్పి అలాగే నిలబడిపోయాడు. తొంగిచూశాను. గిన్నె అడుగున చిక్కటి మన్ను, జల్లెడ నిండా కొత్త వరిపొట్టు. చక్రాలకూ గోడకూ మధ్య సాలెగూళ్ళు మాత్రం తెగలేదు. కోతలప్పుడు పొద్దున్నే కుల్చారం పొలాలకు కారులో పోయి, కళ్ళం పక్కనే దాన్ని ఆపుకోవడం దొర అలవాటు. అది గుర్తొచ్చిందేమో, పట్టపగలే అమ్మ మమ్మల్ని లోపలికి లాగి గడియ వేసింది. ఆ సాయంత్రమే, మన్ను పారబొయ్యాలా దొరసానికి చెప్పాలా అని వాళ్ళిద్దరి జగడం.

మర్నాడు పొద్దున నాయిన ఆ గిన్నెను దొరసాని ముందు పెట్టాడు. అమ్మ గుంజ చాటున నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“దొరసానీ, పిల్లల మీద ఒట్టు. నేను బండి తియ్యలే.”

ఆమె మన్నులో వేలు ముంచింది. పొట్టు తీసి వాసన చూసింది.

“నువ్వు తియ్యలేదని నాకెర్కనే,” అన్నది. “ఇగ నెలకోపారి సాలదు. కోతలయ్యేదాంక వారం వారం కడుగు.”

నాయిన తలూపి, కిరసనాయిలు తేవడానికి పోయాడు.