మెత్తగా దిగిన విమానం

మా చర్చి వరండాలో వేసిన కొత్త టైల్స్ మీద నాకో చిన్న ఫిర్యాదు ఉంది. తెల్లగా, అద్దంలా ఉంటాయి. పెళ్ళి ఫొటోల్లో బాగా వస్తాయి. వాన పడితే మాత్రం, గుమ్మం దగ్గర చెప్పులు విప్పినవాళ్ళు ఆగాలనుకున్నచోట ఆగరు. మొన్న ఒక ఆదివారం నేను పాస్టరుగారి దగ్గరికి అనుకున్నదానికంటే ముందే చేరుకున్నాను. ఆయన దాన్ని భక్తి అనుకున్నారు. నేనూ సరిదిద్దలేదు.

అప్పటికి వారం క్రితమే ఒక విమానం నన్ను ఇలాగే తీసుకుపోయింది కాబట్టి, జారడంలో నాకు కాస్త అనుభవం ఉంది.

మా మేనత్తకి హైదరాబాదులో కంటి ఆపరేషన్ చేయించి తీసుకొస్తున్నాను. నా చిన్నప్పటినుంచీ ఆవిడ నర్సీపట్నంలో జాకెట్లు కుడుతోంది. రెండు కళ్ళూ మసకబారి, సూదిలో దారం ఎక్కించడానికి వీధిలో పోయేవాళ్ళని పిలిచే దశకి వచ్చాక ఆపరేషన్‌కి ఒప్పుకుంది. ఒక కన్ను అయింది. రెండోది మరుసటి నెల. రాత్రంతా రైలంటే ఆవిడ మోకాళ్ళు ఒప్పుకోవు. అందుకని విమానం.

దిగే వేళకి బయట జోరువాన. అత్త కళ్ళు మూసుకుని, ముందు సీటువాళ్ళకి కూడా వినబడేలా ప్రార్థన మొదలుపెట్టింది.

"ప్రబువా, మెత్తగా దించు. పసిపిల్లని ఉయ్యాల్లో ఎట్టినట్టు దించు."

విమానం రన్‌వే మీద చాలాసేపు తేలుతూనే ఉంది. చివరికి నేలని ఎప్పుడు తాకిందో కూడా తెలియలేదు. వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. అత్త "స్తోత్రం" అంది. ఆ చప్పట్లు ఆగకముందే ఇంజన్లు రొద పెట్టాయి, బెల్టు పొట్టకి బిగుసుకుంది. విమానానికి మాత్రం ఆగే ఉద్దేశం ఉన్నట్టు లేదు. రన్‌వే అయిపోయింది, మా ప్రయాణం అవలేదు. గడ్డిలోకి దూసుకెళ్ళి, ముందు చక్రం బురదలో దిగబడ్డాక ఆగాం. ఎవరికీ దెబ్బ తగల్లేదు. దయచేసి కూర్చునే ఉండండి అని ప్రకటన వచ్చింది. నాకు తెలిసి ఆ మాట అందరూ విన్నది ఆ ఒక్కసారే.

అత్త కళ్ళు తెరిచి, "ఇదేటిరా, ఊరు దాటించీసేడా?" అంది.

ఇంటికొచ్చాక, ఇక విమానం ఎక్కనంది. "ఒక కన్ను సాల్రా. సగం నర్సీపట్నం సూత్తే సాల్దేటి?"

డిగ్రీలో ఫిజిక్స్ చదివినవాణ్ణి. ఇన్నాళ్ళకి అది పనికొచ్చే సందర్భం వచ్చిందనుకుని కూర్చోబెట్టి చెప్పాను. "తడి రన్‌వే మీద మెత్తగా దించాలని చూస్తే, విమానం తేలుతూ ముందుకి పోతుందత్తా. ఆగడానికి చోటు మిగలదు. చక్రం కింద నీటి పొర ఉంటే బ్రేకు పట్టదు. మన చర్చి టైల్స్ లాగే. వానలో దబ్బున దించాలి, ఒళ్ళు అదరాలి. అప్పుడే చక్రం నేలని పట్టుకుంటుంది."

ఇది సరిదిద్దుకోగల పొరపాటే, శాపం కాదు అని చెప్పడం నా ఉద్దేశం. ఆవిడ ఇంకోటి విన్నది.

"అయితే మెత్తగా దించమని అడిగింది నానే కదా."

"దించింది పైలట్, అత్తా. అసలు కారణమేమిటో విచారణ చేసేవాళ్ళు చెబుతారు."

"ఆడి సెయ్యి నడిపింది ఎవులు?"

రెండో కంటికి ఒప్పించబోయి, విమానాన్ని బురదలో దింపింది ఆవిడేనని నిరూపించి వచ్చాను.

ఆలోచిస్తే, మా ఇంట్లో అందరం అన్నీ మెత్తగానే కోరుకుంటాం. సూది మెత్తగా గుచ్చమంటాం, చెడు కబురు మెత్తగా చెప్పమంటాం. కళ్ళు పాడవుతున్నాయని ఆవిడకి మాలో ఎవరూ గట్టిగా చెప్పలేదు. మెల్లగా చెబుదాంలే అనుకుంటూ మేమూ చాలా దూరం తేలిపోయాం.

ప్రమాదం నుంచి బయటపడ్డవాళ్ళు ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పాలి, తక్కినవాళ్ళు ఆమెన్ అనాలి. మా దగ్గర అదొక పద్ధతి. నేను టైల్స్ మీద జారి పాస్టరుగారిని చేరుకున్నది ఆ ఆదివారమే. నా వెనకాల అత్త గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ దబ్బుమని వేస్తూ వచ్చింది. సాక్ష్యానికి పిలిచినప్పుడు లేచి నిలబడింది. ఎక్కడ స్తోత్రం వస్తుందో, ఎక్కడ ఆమెన్ అనాలో అందరికీ తెలుసు. సిద్ధంగా ఉన్నారు.

"దేవుడు నానడిగిందే సేసేడు," అంది అత్త. "అడగడమే నాకు సేతకాలేదు. వచ్చే నెల రెండో కంటికి ఎల్తన్నాను. మీరంతా నా కన్ను కోసం ప్రార్థన సెయ్యండి. ఇమానం దించే జోలికి మాత్రం ఎవులూ ఎల్లకండి. ఆ పని తెలిసినోడికి ఒదిలీండి."