పెట్టె ముందు ముగ్గు

మా పక్కింటి పిన్నిగారు పోయారు. ఆ ఉదయం నేను పూజకు పూలు కోసుకుంటుంటే గోడ అవతల నుంచి ఆవిడ కూతురు పిలిచింది. "అక్కా, ఒకసారి రా. అమ్మ పలకట్లేదు." పూలసజ్జ చేతిలో ఉండగానే పరుగెత్తాను. పిన్నిగారు కుడివైపు ఒత్తిగిలి, నిద్రపోతున్నట్టే ఉన్నారు. పక్కన స్టూలు మీద ఆక్సిజన్ మిషను ఇంకా ఆడుతూనే ఉంది. ఆ చప్పుడు వినగానే నాకు ముందు తట్టిన మాట, కరెంటు పోలేదు అని. చావు ఇంట్లో ఇదేం ఆలోచన అనిపించవచ్చు. కానీ నాకది పెద్ద ఊరట. ఎందుకో తెలియాలంటే మా వాకిట్లో ఉన్న ఇనప పెట్టె గురించి చెప్పాలి.

మాది తెనాలిలో పాత పేట. పిన్నిగారింటికీ మాకూ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. కొన్నేళ్ల క్రితం రోడ్డు వెడల్పు చేసినప్పుడు కరెంటు స్తంభాన్ని మా గేటు పక్కకు జరిపారు. రెండిళ్లకూ తీగలు అక్కణ్ణుంచే పోవాలి కాబట్టి మా మీటరు, పిన్నిగారి మీటరు, ఫ్యూజులు అన్నీ కలిపి ఒక పెద్ద ఇనప పెట్టెలో పెట్టి, మా వాకిట్లో రెండు కాళ్ల మీద నిలబెట్టారు. బూడిద రంగు పెట్టె, తలుపు మీద ఎర్రటి పుర్రె బొమ్మ. దాని పక్కన మా మోటారు స్టార్టరు డబ్బా, ఆ పైన నెట్ వాళ్ల తెల్ల డబ్బా. అన్నీ సరిగ్గా తులసికోటకు ఎదురుగా.

పొద్దున్నే దీపం పెట్టి, ప్రదక్షిణం చేసి తల ఎత్తితే ఎదురుగా పుర్రె. రోజంతటిలో నాదంటూ ఉండేది ఆ కాసేపే. అది కాస్తా పాడైంది. రోజూ చదువుకునే శ్లోకం మధ్యలో మరిచిపోయేదాన్ని.

నా బాధ చూడలేక మా ఆయన మేస్త్రీని పిలిచి పెట్టెకు మూడు వైపులా ఇటుక గోడ, పైన చిన్న కమాను కట్టించారు. ఉత్త సున్నం బోసిగా ఉందని నేను పసుపు రంగు వేయించి, గడపకు దిద్దినట్టు ఎర్ర చారలు దిద్దించాను. ముందు వైపు తెర కట్టాను. ఎంతో ముచ్చటగా ఉందని ఇద్దరం మురిసిపోయాం. వారం తిరక్కుండానే కూరలమ్మి తట్ట దించి ఆ తెరకు దండం పెట్టుకుని వెళ్లడం మొదలుపెట్టింది. ఒక శుక్రవారం ఎవరో పెద్దావిడ, కొల్లిపర బస్సు దిగి అటుగా పోతున్న మనిషి, గేటు తీసుకుని లోపలికొచ్చి కొబ్బరికాయ కొట్టి, కర్పూరం బిళ్ల చేతిలోకి తీసుకుంది.

గోడ మీదుగా చూసిన పిన్నిగారు ఒక్క కేక పెట్టారు. "అమ్మా, ఆగండాగండి! అక్కడున్నది అమ్మవారు కాదండీ, కరెంటు మీటరు!"

"మరి పసుపూ ఎరుపూ వేశారేంటమ్మా?" అంది ఆవిడ నొచ్చుకుంటూ.

"వేసింది మా పక్కింటమ్మాయిలెండి. దానికి గోడ కనిపిస్తే చాలు, గుడి కట్టేస్తుంది."

ఆ పెద్దావిడకు మంచినీళ్లిచ్చి, కొబ్బరిచిప్పలు మూటగట్టి పంపాక పిన్నిగారు మా అరుగు మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. నాకు సిగ్గేసింది. ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుని అడిగారు. "గుడి బాగానే ఉందే. రేపు ఫ్యూజు పోతే లైన్‌మన్ ఏం చేస్తాడు? తెర తీసి హారతి ఇచ్చి వెళ్తాడా?"

తనకూ అలాంటి అనుభవమే ఉందని అప్పుడు చెప్పారు. ఆవిడ అత్తవారిది రేపల్లె. కాపురానికి వచ్చిన కొత్తలో వీధి గోడ మీద మీటరు బోర్డు బాగోలేదని దాని మీదికి జాజితీగ పాకించారట. తీగ పూసింది, ఇల్లంతా వాసన. ఆ గుబురులో కందిరీగలు గూడు పెట్టిన సంగతి మాత్రం ఎవరికీ తెలియలేదు. రీడింగు చూడటానికి వచ్చినాయన తీగ పక్కకు తీశాడు. "చెప్పులు వదిలేసి స్టేషను దాకా పరుగేనే పాపం! మా మామగారు ఆ చెప్పులు నా చేతికిచ్చి, వెళ్లి ఇచ్చిరామ్మా, మజ్జిగ కూడా పట్టుకెళ్లు అన్నారు." ఈ కథ ఆవిడ నోట చాలాసార్లు విన్నాను. చెప్పిన ప్రతిసారీ ఆయన ఇంకాస్త దూరం పరుగెత్తేవాడు.

ఇటుక గోడ తీయించాం. ఆ రోజే పిన్నిగారు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఏమీ చేయలేదు, ఊరికే చూశారు. తర్వాత నన్ను తులసికోట దగ్గర నిలబెట్టి, "కళ్లు మూసుకుని తెరువు. ముందు ఎక్కడికి పోతోంది చూపు?" అన్నారు.

"పెట్టె మీదికేనండి."

"అందుకేనే అమ్మాయ్, దాన్ని దాచొద్దు. దాచినకొద్దీ ఏం దాచారా అని చూస్తారు. నీ కంటికి వేరే పని చెప్పు."

ఆ వేరే పని ఒక ముద్దమందారం. పెట్టెకు దూరంగా, తులసికోటకు కుడివైపు మూలన నాటించారు. అది ఎర్రగా పూసినప్పటి నుంచి తల ఎత్తితే చూపు అటే పోయేది. పెట్టెకు అటూ ఇటూ మాత్రం పూలు లేని మొక్కలు, ముదురాకుపచ్చ క్రోటన్లు, అవీ కుండీల్లోనే. అవసరమైతే జరపడానికి వీలుండాలని. వాటికి పైపుతో నీళ్లు కొట్టనివ్వలేదు, చెంబుతోనే పోయాలి. నీళ్లు చింది మట్టి మరకలు పెట్టె మీద పడకుండా కుండీల్లో ఆల్చిప్పలు పరిచారు. భజన ఆడవాళ్లందరం రామాపురం సముద్రస్నానానికి వెళ్లినప్పుడు మేము నీళ్లలో ఉంటే ఆవిడ కొంగు నిండా ఏరుకొచ్చినవి అవి. బస్సులో అందరూ "ఏంటండీ పిన్నిగారూ, ఇసక మూట?" అంటే, "మా మీటరుకి నగలు" అన్నారు.

పెట్టెకు రంగు వేయొచ్చా అని లైన్‌మన్‌నే అడిగారు. ఆయన యాభై దాటిన మనిషి, నిదానస్థుడు. "వేసుకోండి మామ్మగారూ. అద్దం మీద, నంబర్ల మీద పడనివ్వకండి. పుర్రె బొమ్మ మాత్రం చెరపొద్దు."

"అయ్యో, దాన్నెందుకు చెరుపుతాం నాయనా. పాపం అదీ కాపలా కాస్తోందిగా."

అలా పెట్టె ఆకుపచ్చగా మారింది. ఆ ఏడాది దసరాకు బీరువాకు, కుట్టుమిషనుకు, మోటారుకు పెట్టినట్టే పెట్టెకు కూడా పక్కనుంచి పసుపు, కుంకుమ పెట్టారు. "పుర్రెకి బొట్టేంటి పిన్నిగారూ?" అని మా ఆయన ఆటపట్టిస్తే, "ఏడాదంతా మనకి దీపం పెడుతోంది, ఒక్క రోజు బొట్టు పెట్టుకోకూడదా?" అన్నారు.

ఒక్క సంగతి దగ్గర మాత్రం ఆవిడ పట్టు విడిచేవారు కాదు. పెట్టె తలుపు పూర్తిగా తెరుచుకోవడానికి ఎంత మేర కావాలో అంత నేల ఖాళీగా ఉండాలి. చెప్పడం తేలికే. వాకిట్లో ఖాళీ నేల కనిపిస్తే ఎవరు ఊరుకుంటారు? మా ఆయన స్కూటరు పెట్టేవారు, పనిమనిషి బకెట్లు బోర్లించేది, నేను కొత్త కుండీ తెచ్చినప్పుడల్లా అక్కడే దించేదాన్ని.  ఒక ఉదయం పిన్నిగారు ముగ్గుబుట్టతో వచ్చి, తలుపు తిరిగే మేర అర్ధచంద్రాకారంలో ముగ్గు వేసి వెళ్లారు. అంతే. ఆ రోజు స్కూటరు దానంతటదే గోడ వారకు పోయింది. ముగ్గు మీద బరువు దించడానికి మా ఇంట్లో ఎవరికీ చెయ్యి రాదు. ఆ తర్వాత రోజూ అక్కడ ముగ్గు వేయడం నా పని అయింది.

"ముందు మనిషికి దారి, తర్వాతే మొక్కకి చోటు." ఆవిడ ఆ మాట అన్నప్పుడు లైన్‌మన్‌ను తలచుకునే అన్నారు. ఆ దారి తనకే కావలసి వస్తుందని ఆవిడకూ తెలియదు, నాకూ తెలియదు.

రెండేళ్ల కిందట ఆవిడకు ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. పోయిన ఏడాది నుంచి మిషను లేకుండా గడవలేదు. కరెంటు పోతే వాడుకోవడానికి ఒక చిన్న సిలిండరు ఉండేది గానీ, అది ఎక్కువసేపు రాదు. అప్పటి నుంచి మా వాకిట్లో పెట్టె నాకు వేరేగా కనిపించసాగింది. తులసికి దండం పెట్టుకుని, అటు తిరిగి దానికీ ఒక దండం పెట్టేదాన్ని.

పోయిన వానాకాలం ఒక మధ్యాహ్నం పెద్ద గాలివాన. కూతురు స్కూల్లో పాఠాలు చెప్తోంది, పిన్నిగారి దగ్గర నేనే ఉన్నాను. ఉన్నట్టుండి మిషను ఆగిపోయింది. సిలిండరు గొట్టం పెట్టి, లైన్‌మన్‌కు ఫోను చేసి, కిటికీలోంచి గేటు వైపు చూస్తూ దేవుడి పేరు పలుకుతూ కూర్చున్నాను. సిలిండరు ముల్లు కిందికి దిగుతోంది. పిన్నిగారు నా చేతి మీద చెయ్యి వేసి, ఆయాసంలోనే "ఎందుకే కంగారు, వస్తాడు" అన్నారు.

వచ్చాడాయన, వానలో తడుస్తూ. స్కూటరు గేటు బయటే పడేసి నేరుగా పెట్టె దగ్గరికి నడిచాడు. జరపడానికి కుండీ లేదు, కోయడానికి తీగ లేదు. తలుపు ఒక్క లాగుతో బారుగా తెరుచుకుంది. ఫ్యూజు మార్చిన కాసేపటికి గదిలో మిషను మళ్లీ చప్పుడు చేసింది. ఆ చప్పుడుకు నేను ఏడ్చేశాను.

ఊపిరి కుదుటపడ్డాక పిన్నిగారు అడిగిన మొదటి మాట, "ముగ్గు తొక్కాడా?"

"తొక్కాడండి. అంతా చెరిగిపోయింది."

"మంచిది. తొక్కడానికేగా వేసింది" అని కళ్లు మూసుకుని నవ్వారు.

ఆవిడను సాగనంపిన రోజు మా వాకిలి కూడా జనంతో నిండిపోయింది. రేపల్లె నుంచి, బాపట్ల నుంచి చుట్టాలొచ్చారు. కుర్చీలకు చోటు కోసం ఎవరో మా కుండీలన్నీ ఎత్తి, ఖాళీగా ఉంది కదా అని పెట్టె ముందు పేర్చారు. ఆ ఉదయం నేను ముగ్గు వేయలేదు మరి. అందరూ వెళ్లిపోయాక చూశాను. ఇప్పుడా పెట్టె మీద ఆధారపడిన ఊపిరి ఏదీ లేదు. అయినా వాటిని అలా చూడలేకపోయాను. మా ఆయన, నేను కలిసి మర్నాడు పొద్దున్నే వాటి చోట్లకు వాటిని చేర్చాం. పక్కింట్లో మనిషి పోతే మనం ముగ్గు వేయడమేమిటని మనసు కాస్త వెనకాడింది. గేటు ముందు వేయలేదు. పెట్టె ముందు మాత్రం వేశాను.

పెద్దకర్మ అయ్యాక ఆవిడ కూతురు నందివర్ధనం కుండీ మోసుకుంటూ వచ్చింది. పిన్నిగారి కిటికీ దగ్గర ఉండేది అది. "నేను స్కూలుకి వెళ్తే దీన్ని చూసేవాళ్లు లేరక్కా. నీ దగ్గర ఉంచు" అంటూ వాకిట్లో ఖాళీ నేల వెతికి, తిన్నగా పెట్టె వైపు నడిచింది. ముగ్గు అంచు దాకా వెళ్లి ఆగిపోయింది. అంత బరువు మోస్తూ కూడా కుండీ దించలేదు.

"ఇక్కడ కాదు కదూ?" అంది.

"కాదమ్మా. ఇటు తీసుకురా."

ఇద్దరం కలిసి దాన్ని తులసికోట పక్కన దించాం. తెల్లటి పూలు, వెనక ఎర్రటి మందారం. పిన్నిగారు చూస్తే ఒప్పుకునేవారు.

మొన్న రీడింగు తీసేవాళ్లు వచ్చి వెళ్లారు. నేను దేవుడి గదిలో ఉండి చూడలేదు. బయటికి వచ్చేసరికి ముగ్గు మధ్యలో చెరిగి ఉంది. అక్కణ్ణుంచి గేటు దాకా, తడి నేల మీద, ముగ్గుపిండి అంటిన చెప్పుల గుర్తులు తెల్లగా వరుసగా ఉన్నాయి. చీపురు చేతిలోకి తీసుకున్నాను. ఆ పూటకు ఊడవలేదు.