తుపాకికి బిగించిన కెమెరాలో పెద్దన్న

పెద్దన్న పోయాడని నేను ఇదివరకు పనిచేసిన ఇంటి డ్రైవర్ ఫోన్ చేసి చెప్పాడు. పొద్దున్నే, అల్ వుకైర్‌లో మా కంపెనీ క్యాంపు వంటశాలలో అన్నం వారుస్తున్నాను. "కాకా, పెద్దన్న లేస్తలేడే. డాక్టర్ వచ్చి చూసిండు. పానం పోయిందన్నడు" అన్నాడు. గంజి కారడం ఆగిపోయిన తర్వాత కూడా గిన్నె వంచి పట్టుకునే నిలబడ్డాను.

నాకు రాయడం రాదు. మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. మాట్లాడటం అంతకన్నా రాదు. అయినా ఆయన గురించి ఎవరో ఒకరు నాలుగు ముక్కలు రాయాలి. దోహాలో తెలుగువాళ్ళం చాలామందిమే ఉన్నాం గానీ ఆయన్ని ఎరిగినవాళ్ళు తక్కువ. ఆయన పని అలాంటిది.

పెద్దన్న నా తోడబుట్టినవాడు కాదు. ఆయనది గోదావరి పక్క, చర్చికి వెళ్ళే కుటుంబం. నాది జగిత్యాల దగ్గర పల్లె. ఈ క్యాంపుకి రాకముందు అల్ తుమామాలో ఒక పెద్దింట్లో నేను వంటవాణ్ణి. ఆ ఇంటి యజమానిని అర్బాబ్ అనేవాళ్ళం. ఆయన వేట తుపాకులు పెద్దన్న చూసుకునేవాడు. చలికాలం వస్తే అర్బాబ్ ఎడారిలో గుడారాలు వేయించేవాడు. మేమిద్దరం, డ్రైవరూ అక్కడే ఉండేవాళ్ళం.

తుపాకి ఎవరి చేతిలోంచి అందుకున్నా పెద్దన్న దాన్ని మధ్యలో మడిచి, గొట్టంలోంచి ఆకాశం చూసేవాడు. ఇప్పుడే చూశాను, ఖాళీయే అని అర్బాబ్ చెప్పినా సరే, మళ్ళీ చూసేవాడు. "ఖాళీ అని మనం చెప్పకూడదు తమ్ముడూ. దాన్నే చెప్పనీ" అనేవాడు నాతో.

ఆ అలవాటు నా వంట దాకా వచ్చింది. గుడారంలోకి రాగానే గిన్నెల మూతలన్నీ ఎత్తి చూసేవాడు.

"ఏవయ్యా తమ్ముడూ, ఇంత కారం వేశాక ఇంక తుపాకులెందుకు? ఈ కూర పైకి విసిరితే చాలు, పిట్ట పడిపోద్ది."

"తినకు మరి."

"తినకపోతే ఎలాగయ్యా, వండింది తమ్ముడాయె."

తినేముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేవాడు. అది అయ్యేదాకా నేనూ ముద్ద ఎత్తేవాణ్ణి కాదు. ఎత్తమని ఆయనా అనలేదు, ఎందుకు ఆగావని అడగనూ లేదు.

ఇక్కడ వేటకు సర్కారు రూల్స్ ఉన్నాయి. సీజన్ ఎప్పుడు, ఏ పిట్టని కొట్టకూడదు, పిట్ట గొంతుతో కూసే మిషన్ వాడొద్దు, ఇలాంటివి. అర్బాబ్ చెబితే పెద్దన్న నాకు తెలుగులో చెప్పేవాడు. తుపాకికి కెమెరా బిగించడం గురించి వాటిలో ఏముందో నాకు తెలియదు. మా గుడారంలో మాత్రం బిగించకూడదనే రూలు ఉంది. అది పెద్దన్న వల్ల వచ్చింది. ఎలా వచ్చిందో చెబుతాను.

అర్బాబ్ చుట్టం ఒకాయన వేటకు వచ్చాడు. మంచి మనిషే, పనివాళ్ళతో నవ్వుతూ మాట్లాడేవాడు. అగ్గిపెట్టంత కెమెరా తెచ్చి తుపాకి గొట్టం పక్కన బిగించుకున్నాడు. పిట్ట పడటం అందులో వస్తుందట. పొద్దున వేట అయ్యాక అందరం గుడారం ముందు ఉన్నాం. నేను చాయ్ కేటిల్ పట్టుకుని బయటికి వచ్చాను. ఆయనకు హుషారు పుట్టింది. వీడియోలో మా అందరి ముఖాలూ రావాలన్నాడు. అర్బాబ్ వైపు తిప్పాడు, డ్రైవర్ వైపు తిప్పాడు, తర్వాత నా వైపు.

"యల్లా చాచా, ఇదర్ దేఖో!"

చూశాను. నవ్వాను కూడా. నాకు కెమెరా ఒక్కటే కనబడింది. కెమెరా తిరిగితే తుపాకి కూడా తిరుగుతుందని ఆ క్షణాన నాకు తోచలేదు. ఆయనకూ తోచలేదు.

పెద్దన్నకు తోచింది. ఆయన అరవలేదు, పరుగెత్తలేదు. నడిచి వచ్చి నాకూ గొట్టానికీ మధ్య నిలబడ్డాడు. "తమ్ముడూ, కదలకు" అన్నాడు వెనక్కి తిరగకుండా. "ఏక్ మినట్ సార్" అంటూ గొట్టం మీద అరచెయ్యి పెట్టి మెల్లగా ఇసుకలోకి వంచాడు.

"మాఫీ, మాఫీ" అన్నాడు చుట్టం నవ్వుతూ. లోపల ఏమీ లేదని, అరబ్బీలో.

పెద్దన్న తుపాకి తీసుకుని మడిచాడు. ఎర్రటి తూటా ఒకటి ఇసుకలో పడింది.

చుట్టం కూర్చుండిపోయాడు. అర్బాబ్ అన్నాడు, "ఖలాస్. ఇంక తుపాకి మీద కెమెరా వద్దు. టోపీకి పెట్టుకోండి, చేత్తో పట్టుకోండి." అప్పట్నుంచి ఎవరొచ్చినా అదే రూలు. ఎవరైనా గొణిగితే పెద్దన్న, "మనిషిని చూడ్డానికి తుపాకి తిప్పకూడదు సార్" అని హిందీలో చెప్పి, కెమెరా విప్పి వాళ్ళ చేతిలోనే పెట్టేవాడు.

ఆ రోజు ఆయనకు చాయ్ పోసి ఇచ్చాను. తాగి, "చక్కెర ఎక్కువేశావయ్యా" అన్నాడు.

తర్వాత నేను ఆ ఇల్లు మారి ఈ క్యాంపుకి వచ్చాను. ఇక్కడ సెలవూ, చర్చీ శుక్రవారమే. ఆ రోజు ఆయన చర్చి నుంచి నేరుగా నా దగ్గరికే వచ్చేవాడు, మూతలెత్తి చూడ్డానికి.

ఆయన్ని ఊరికి పంపిన తర్వాత వదిన ఫోన్ చేసింది.

"తమ్ముడూ, ఫొటోల్లో ఆయన కదలడం లేదు. వీడియో కాల్‌లో ఎప్పుడూ చెవి చూపించేవారు, లేకపోతే ఫ్యాను. ఆయన నడుస్తున్నది ఏదైనా ఉంటే పంపవా? నడక మర్చిపోతానేమోనని భయంగా ఉంది."

ఆయన నడిచేది ఒక్కటే ఉంది. ఆ రోజుదే. చుట్టం తర్వాత దాన్ని డ్రైవర్‌కి పంపాడు, డ్రైవర్ నాకు పంపాడు. నేను ఒక్కసారి చూసి మళ్ళీ తెరవలేదు.

ఎలా పంపాలి? వదినకు తుపాకులంటే భయం. అందుకని పెద్దన్న ఇంట్లో తనది డేగలకు మేత పెట్టే పని అని చెప్పుకున్నాడు. ఇది పంపితే ఆయన మాట అబద్ధమవుతుంది. పంపకపోతే ఆమెకు ఆయన నడక ఉండదు.

డ్రైవర్ని అడిగాను. "దాంట్లేముందే కాకా, గొట్టం కనవడకుండ పక్కకు కోస్త" అన్నాడు. కోసి చూపించాడు. గొట్టం పోయింది. దాంతోపాటు పెద్దన్న చెయ్యి కూడా పోయింది. చెయ్యి లేకపోతే ఆయన ఎందుకు వస్తున్నాడో తెలియదు. ఊరికే కెమెరాకి ఎదురొచ్చిన మనిషిలా ఉన్నాడు.

"వద్దు బిడ్డా" అన్నాను.

వదినకు ఫోన్ చేసి ముందే చెప్పాను, ఎడమ పక్కన పొడవుగా నల్లగా ఉండేది తుపాకి అని. చెప్పి, మొత్తం పంపాను. తిరిగి ఫోన్ వచ్చేదాకా వంటశాలలో ఏ పని మొదలుపెట్టానో కూడా గుర్తులేదు.

"వెనకాల కేటిల్ పట్టుకున్నది ఎవరు?"

"నేనే వదినా."

"నవ్వుతున్నావు."

"అవును. నాకు తెలవలే."

"ఆయనకి తెలుసు."

"తెలుసు వదినా."

తర్వాత, "డేగలంట డేగలు. ఎంత అబద్ధాలమనిషండీ" అంది, ఆయనతోనే అంటున్నట్టు. ఆ తర్వాత నన్ను, "అన్నం తిన్నావా తమ్ముడూ?" అని అడిగింది.

అప్పట్నుంచి కుక్కర్ మూత చప్పుడైతే తుపాకి మడిచినట్టే వినబడుతోంది. రోడ్డు మీద ఎవరైనా ఫోన్ ఎత్తి వీడియో తీస్తుంటే ఆగిపోతాను. దాని పక్కన ఇంకేమైనా ఉందేమోనని చూస్తాను. శుక్రవారం మూతలు ఎవరూ ఎత్తకపోతే నేనే ఒక్కొక్కటీ ఎత్తి పెడుతున్నాను.

వీడియో ఇప్పుడు నేనూ చూస్తున్నాను. అందులో మొదట నేనుంటాను, కేటిల్‌లోంచి పొగ, నా నవ్వు. ఎడమ పక్కన గొట్టం. దాని చివర నా ఛాతీ. అంతలో పక్కనుంచి పెద్దన్న వస్తాడు, ఆ కొంచెం వంగిన నడకతో, తొందర లేకుండా. ముందు ఆయన భుజం నా కేటిల్‌ని కప్పుతుంది. తర్వాత నా ముఖాన్ని కప్పుతుంది. ఆపైన బొమ్మలో నేను ఎక్కడా ఉండను. ఆయనే ఉంటాడు.