ఉలుకూ పలుకూ లేకపోతే

మా మరిది పనేమిటని ఎవరైనా అడిగితే నాకు ఒళ్లు మంట. పగలంతా మేడమీద గదిలో కూర్చుని ప్రోగ్రాములు రాస్తాడు. రాసింది ఊరికే ఇచ్చేస్తాడు. లోకంలో ఎవరైనా తెరిచి చూడొచ్చు, దిద్దొచ్చు, వాడుకోవచ్చు.

"దాంతో ఏం చేస్తారయ్యా?" అని ఒకసారి అడిగాను.

"యంత్రాలు కబుర్లు చెప్పుకుంటాయి వదినా. ఒకటి ఏదో శీర్షిక కింద కబురు వదిలితే, ఆ శీర్షిక కావాలన్న వాళ్లందరికీ చేరుతుంది. వినేదెవరో చెప్పేదానికి తెలియక్కర్లేదు."

అది తేలికగా ఉండాలని అతని పిచ్చి. అగ్గిపెట్టెంత యంత్రంలోనూ ఇమడాలట. ప్రోగ్రాములోంచి పది వరుసలు కొట్టేసిన రోజు రెండు ముద్దలు ఎక్కువ తింటాడు.

నాది కోడిపిల్లల వ్యాపారం. పెరటి షెడ్డులో పొదిగే యంత్రం, అందులో తొమ్మిది వందల గుడ్లు. కిందటి దఫా సగం పోయాయి. ఈసారీ పోతే షెడ్డు మూసుకోవాల్సిందే. అందుకని మరిది దయతలచి యంత్రానికో చిన్న పెట్టె తగిలించాడు. లోపలి వేడెంతో అది చెబుతుంది, మేడమీద అతని సర్వరు ఆ కబురు అందుకుని చేరవేస్తుంది, నా ఫోను వింటుంది.

పదిహేడో రోజు మధ్యాహ్నం ఫోను ముప్పై ఏడున్నర డిగ్రీలంది. గంట తర్వాతా అంతే. మూసి తెరిచినా అంతే.

"చూశావా, వెంట్రుకవాసి తేడా లేదు," అని మరిది మురిసిపోయాడు.

పన్నెండేళ్లుగా గుడ్లు పొదిగిస్తున్నాను, గంటసేపు కదలని వేడిని నేనెరగను. షెడ్డుకి పరిగెత్తాను. ఫ్యూజు పోయి యంత్రం చల్లబడుతోంది. దాని కరెంటుతోనే నడిచే పెట్టె ఎప్పుడో ఆగిపోయింది. అది ఆఖరున చెప్పిన కబురునే మేడమీది సర్వరు దాచుకుని, నేను అడిగినప్పుడల్లా ఇస్తోంది.

ఫ్యూజు వేశాక మరిది ముఖం మాడిపోయింది. "పెట్టె ఆగిపోతే ఆ సంగతి చెప్పే ఏర్పాటు ఉండాలి. బరువెక్కుతుందని నేనే రాయలేదు."

"ఏడ్చినట్టుంది నీ తేలిక. ముందు ఇలా రా."

తలుపులు మూసి, గుడ్లు దీపం ముందు పట్టి చూశాం. మొదటి దాంట్లో కదలిక లేదు. రెండో దాంట్లోనూ లేదు. మూడో దాంట్లో చిన్న నీడ కాలు విదిల్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ సాయంత్రమే అతను ఆ ఏర్పాటు రాశాడు. పెట్టె పనిలో దిగేటప్పుడే ఒక మాట సర్వరుకి అప్పజెబుతుంది. అది చెప్పాపెట్టకుండా ఆగిపోతే సర్వరు ఆ మాట వినేవాళ్లందరి ఫోన్లకీ చేరవేస్తుంది.

"ఏమని పెట్టమంటావు వదినా?"

"ఉలుకూ పలుకూ లేదు, వచ్చి చూడు, అని పెట్టు."

నాలుగు రోజులకి ఎనిమిది వందల పన్నెండు పిల్లలు బయటపడ్డాయి. వాటిని బుట్టల్లోకి తీసి, యంత్రం కడుగుదామని స్విచ్చి ఆపాను. నిమిషంలో మరిది ఒంటి చెప్పుతో, ఆయాసపడుతూ షెడ్డులోకి వచ్చిపడ్డాడు.

"నువ్వూ వింటున్నావా?" అన్నాను.

"ఆ రోజు నుంచీ," అన్నాడు తల గోక్కుంటూ.

నవ్వాపుకోలేక ఒక పిల్లను తీసి అతని చేతిలో పెట్టాను.