అప్పడం ముందా, పళ్ళెం ముందా

కాబోయే అత్తగారి ముందు కాఫీ ఒలకబోసినవాళ్ళను చూశాను, ఆవిడ చీరకొంగు తొక్కి బోర్లా పడినవాళ్ళ గురించి విన్నాను. అవన్నీ చిల్లర తప్పులండీ. నేను చేసినదాన్ని మా ఇంట్లో ఇప్పటికీ ‘విధ్వంసం’ అంటారు. అననివ్వండి. అప్పుడూ నాదే రైటు, ఇప్పుడూ నాదే రైటు. మధ్యలో ఒక పళ్ళెం పోయింది, అంతే.

హైటెక్ సిటీలో నాది సాఫ్ట్‌వేర్ టెస్టర్ ఉద్యోగం. అంటే పక్కవాడు కష్టపడి కట్టినదాన్ని ఎక్కడ కొడితే విరుగుతుందో వెతికి, విరగ్గొట్టి, జీతం తీసుకోవడం. పక్క సీట్లో శేఖర్ కట్టేవాడు, నేను విరగ్గొట్టేదాన్ని. అలా పోట్లాడుకుని పోట్లాడుకుని, ఇంత దూరం వచ్చాక పెళ్ళి చేసుకోవడమే మర్యాద అనుకున్నాం. భీమవరంలో మా అమ్మానాన్న సరేనన్నారు. మిగిలింది మియాపూర్‌లో శేఖర్ వాళ్ళమ్మ, సుగుణ టీచరు. ఉద్యోగమంతా చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించి రిటైరైన మనిషి. ఆవిడ ఊఁ అంటేనే పెళ్ళి. కాదంటే తాను ఎదురు చెప్పలేనని శేఖర్ ముందే తేల్చేశాడు.

“మా అమ్మ ఆదివారం పేపర్ల గళ్ళ పజిల్ నింపుతది. అప్పుడు ఏం జెప్పినా తలూపు. జర నోరు కట్టేసుకో పద్మజా,” అని కొత్తగూడ ఫ్లైఓవర్ ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా బండి మీద బతిమాలాడు. నన్ను నోరు కట్టేసుకోమనడమూ, శ్రావణంలో వానను ఆగమనడమూ ఒకటే. ఆ రోజు వాన కూడా ఆగలేదు.

మేం తడిసి ముద్దై వెళ్ళేసరికి సుగుణ టీచరు పెన్సిలు పట్టుకుని పేపరు ముందు కూర్చుని ఉంది.

“రా బిడ్డా, కూసో. ‘ముట్టుకుంటే చాలు, విరిగిపోతుంది.’ మూడు గళ్ళు. ఏమైతది?”

పజిల్లో ఆ మూల గళ్ళలో ఇంకే మాటా పడలేదు. మైదానం ఖాళీ. నేనాగుతానా?

“అప్పడమండి!”

“అప్పడమా? అది తినేది గదనే. పింగాణి రాస్త.”

ఇక్కడ తల ఊపాలి. శేఖర్ నా బదులు కూడా ఊపుతున్నాడు. నేను ఊపలేదు.

“పింగాణి పడితే పగులుతుందండి, ముట్టుకుంటే పగలదు. ముట్టుకుంటేనే పగిలిపోయేదైతే మీరు రోజూ అందులో టీ ఎలా తాగుతున్నారు?”

“ఏంది, పంతులమ్మకే పాఠం చెప్తున్నవా?”

“చెప్పడం లేదండి. చూపిస్తాను.”

“అయిపాయె,” అన్నాడు శేఖర్ గోడతో.

అన్నాల వేళ ఆవిడ అద్దాల బీరువాలోంచి నీలంపూల పింగాణి పళ్ళేలు తీసింది. “చిన్నప్పుడు గళ్ళ పోటీల ఫస్టొస్తే ఇచ్చిన్రు. ఎవలన్న వస్తెనే తీస్త,” అంటూ ఒకటి నా ముందు పెట్టింది. నా మీద దయతోనే పెట్టింది పాపం. పక్కన పొద్దున్నే వేయించిన అప్పడాలు మూతలేని బుట్టలో ఉన్నాయి. ఒకటి తీసి, అందరికీ కనబడేలా ఎత్తాను.

“చూడండి ఆంటీ. ఊరికే ముట్టుకుంటున్నాను.”

ముట్టుకున్నాను. అప్పడం వంగింది. నొక్కాను, ఇంకాస్త వంగింది. కోపమొచ్చి రెండు మడతలు పెట్టాను. ఇస్త్రీకి ఇచ్చే బట్టలా చక్కగా మడత పడింది గానీ, ఒక్క ముక్క విరిగితే ఒట్టు! ఇంత నమ్మకద్రోహం మనుషులు కూడా చేయరు.

సుగుణ టీచరు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. “రుమాలు లెక్క మడతపెడ్తున్నవ్ గదనే! జేబుల పెట్టుకో!”

“వాన తేమండి! తేమలో చేసిన టెస్టు టెస్టే కాదు. నూనె ఎక్కడుంది?”

“పద్మజా, నీకు దండం పెడ్త, అన్నం తిను,” అన్నాడు శేఖర్.

అప్పటికే నేను వంటింట్లో ఉన్నాను. బాణలి పెట్టాను, అప్పడం వేయించాను, చల్లారేలోగా తెచ్చి నా పళ్ళెంలో పెట్టాను. వేలితో ముట్టుకుంటే చాలు, పెళపెళ విరిగేదే. కానీ ఆ రుమాలు మాట నా చెవిలో ఇంకా మోగుతోంది. పక్క ఫ్లాటుకు కూడా వినబడాలని పిడికిలి బిగించి ఒక్క గుద్దు గుద్దాను.

అప్పడం పొడైపోయింది. దాని కింద, గళ్ళ పోటీ మొదటి బహుమతి రెండు ముక్కలైంది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. అప్పడం గుద్దనేల, పళ్ళెం ఏరనేల? అత్త మీద కోపం దుత్త మీద అని కూడా అంటారు. నాకింకా అత్త కానే లేదు, దుత్త అప్పుడే పోయింది. పెళ్ళి కూడా ఆ ముక్కల్లోనే కలిసిపోయిందనుకున్నాను. శేఖర్ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

ఆవిడ ముక్కలు చేతిలోకి తీసుకుని అంచుకు అంచు కలిపి చూసింది. అప్పుడు అడిగింది.

“ఏది ముందు ఇరిగింది?”

తప్పైపోయిందండి అని కాళ్ళ మీద పడాల్సిన చోటు అది. నా నోరు ఉందే!

“అప్పడమండి. పళ్ళెం తర్వాత.”

ఆవిడ పేపరు తీసుకుని పింగాణి అని రాసి, కింద గీత కూడా గీసింది. మేం వానలోనే వెనక్కొచ్చాం. వారమంతా ఆ ఇంటి నుంచి కబురు లేదు.

మళ్ళీ ఆదివారం పొద్దున ఫోన్ మోగింది.

“పేపర్ల జవాబు జూసినవా?” సుగుణ టీచరు గొంతు.

“లేదండి,” అన్నాను, వణుకుతూనే. “పింగాణేనా?”

“‘పలక’ అంట!”

“పలకా?” నా వణుకు ఎటు పోయిందో పోయింది. “పలక ముట్టుకుంటే విరుగుతుందా?”

“గదే నేననేది! ముట్టుకుంటే ఇరిగే పలకలతోని ఇన్నేండ్లు బడి నడిపిన్నా? పోరగాళ్ళు దాంతోని తలకాయలు పలగ్గొట్టుకున్నరు గానీ పలక ఇరగలే! ఆ గళ్ళు కూర్చినాయన్ని ఇడిసిపెట్టేది లేదు. నువ్వు రా. ఇద్దరం గల్సి కడిగేద్దాం.”

“శేఖర్‌ని కూడా తీసుకురమ్మంటారా అండి?”

“వాడెందుకు? ఏది జెప్పినా తలూపుతడు. ఈ ఇంట్ల కొట్లాడెటోళ్ళు ఇంకొకరు లేక నా పానం పోతుంది. మీ అమ్మ నంబరియ్యి, ముహూర్తం మాట్లాడ్త.”

ఇప్పటికీ ఆ ఇంట్లో అందరూ నీలంపూల పళ్ళేల్లో తింటారు, నాకు మాత్రం స్టీలు పళ్ళెం. అవమానం అనుకునేరు, కాదు. కంచమంటే అది. కనుక చదివేవాళ్ళందరి సాక్షిగా, కుడిచేయి అప్పడం మీద పెట్టి ప్రమాణం చేస్తున్నాను: బతికుండగా మళ్ళీ పింగాణి మీద పెట్టి అప్పడాన్ని గుద్దను. స్టీలు మీదే గుద్దుతాను.